వేగులవాడికి వీరతాడు!

అమెరికా వాళ్లకి సినిమా తీయడం రాదు. పాపం, డబ్బుంది గానీ తెలివి లేదు.

2021లో ‘జూడస్ అండ్ ద బ్లాక్ మెసయ్య’ అని ఒకటి తీశారు. నిజంగా జరిగిన కథే. షికాగోలో ఫ్రెడ్ హాంప్టన్ అని 21 ఏళ్ల నల్లజాతి కుర్రాడు, బ్లాక్ పాంథర్ పార్టీ నాయకుడు. అతని భద్రత చూసే పని విలియం ఓనీల్‌ది. ఆ ఓనీలే ఎఫ్‌బీఐకి ఇంటి పటం గీసిచ్చాడు. మంచం ఏ గదిలో ఉందో కూడా చెప్పాడు. 1969 డిసెంబరు 4 తెల్లవారుజామున పోలీసులు వచ్చి కుర్రాణ్ని పక్క మీదే చంపారు. వాళ్ల తుపాకుల నుంచి తొంభైకి పైగా తూటాలు. లోపలివాళ్ల నుంచి ఒకే ఒక్కటి. దానికి ఎదురుకాల్పులని పేరు. తర్వాత ఓనీల్ చేతిలో పడిన బోనసు 300 డాలర్లు.

ఇంత కథ పెట్టుకుని ఏం లాభం? హీరో ఎవరో తేల్చుకోలేకపోయారు. ఆస్కార్ పోటీలో చచ్చినవాడి పాత్రనీ, పట్టించినవాడి పాత్రనీ రెండింటినీ సహాయనటుల జాబితాలోనే వేశారు. మరి ముఖ్యపాత్ర ఎవరిదయ్యా, ఎఫ్‌బీఐదా? (ఆలోచిస్తే అదే నిజమేమో.)

మన దగ్గర ఆ తికమక లేదు. మన సినిమాలో వేగులవాడే హీరో. వెయ్యండి వీరతాడు!

నమ్మరా? ‘ఆర్ఆర్ఆర్’ చూశారుగా. చూడకుండా ఎవరున్నారు? 2022 మార్చి 25న విడుదలై వెయ్యి కోట్లు దాటింది. అందులో రామ్ ఎవరు? మన అల్లూరి సీతారామరాజే. ఏం చేస్తుంటాడు? తెల్లదొరల కొలువులో పోలీసు ఉద్యోగం. గోండుపిల్ల కోసం ఢిల్లీ వచ్చిన కొమురం భీంను పట్టుకోవడానికి మారువేషం కడతాడు. ఉద్యమకారుల సభలో దూరి నేనూ మీవాణ్నే అంటాడు. భీంతో దోస్తీ చేస్తాడు. చివరికి అతణ్నే పట్టి అప్పజెప్పి, నలుగురూ చూస్తుండగా ముళ్ల కొరడాతో ఒళ్లు చీరేస్తాడు. మనం ఏం చేశాం? ఏడ్చాం. ఎవరి కోసం? దెబ్బలు తినేవాడి కోసం కొంచెం. కొట్టేవాడి గుండెకోత చూసి ఎక్కువ!

కల్పిత కథ అని ముందే బోర్డు పెట్టారు, ఒప్పుకుంటా. కథ కల్పితమట, పేర్లు మాత్రం అసలువే కావాలట. టిక్కెట్లు తెగేది వాటి మీదే మరి.

ఇంతకీ అసలు రాజు ఏం చేశాడు? 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డాడు. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు స్టేషన్లు, 26 తుపాకులు, 2,500 తూటాలు. ఏమేం పట్టుకెళ్తున్నాడో స్టేషను పుస్తకంలో రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లాడు. మిరపకాయ టపా పంపి, వస్తున్నా కాచుకోమని చెప్పి కొట్టినవాడని మన్యమంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. అలాంటివాడికి మనం ఖాకీ తొడిగాం. తన పథకం ప్రాణస్నేహితుడికి కూడా చెప్పని మనిషిని చేశాం. ఊరికి తుపాకులు చేర్చడానికే ఆ ఉద్యోగమట! స్టేషన్లు దోచి తుపాకులు తెచ్చినవాడు, స్టేషన్లో సర్వీసు చేసి తుపాకులు తెచ్చుకునేవాడయ్యాడు. తిరుగుబాటుకి కూడా ప్రమోషన్లు, సీనియారిటీ లిస్టు. ఇంకా నయం, పెన్షన్ పెట్టలేదు.

1974లో కృష్ణ తన నూరో సినిమాగా ‘అల్లూరి సీతారామరాజు’ తీశారు. తెలుగులో తొలి సినిమాస్కోప్. చింతపల్లి అడవికి వెళ్లి తీశారు. శ్రీశ్రీ పాటకి జాతీయ పురస్కారం వచ్చింది. ఆ సినిమాలో రాజు రాజులాగే ఉంటాడు, అందుకు దణ్ణం పెట్టాల్సిందే. కానీ కొండ మనుషుల సంగతి? విల్లు పట్టుకుని వెనక నడిచే గుంపు. మన సినిమాలో గిరిజనుడికి ఉన్నవి మూడే ఉద్యోగాలు. హీరో వెనక నడవడం. హీరో పాట పాడితే థింసా ఆడటం. చివర్లో ద్రోహం చేయడం. నాలుగోది ఖాళీ ఉంటే చెప్పండి, దరఖాస్తు పెట్టిద్దాం.

ఖాళీ లేకేం, కళ్లుండాలి. గాం గంటందొర బట్టిపనుకుల ముఠాదారు, అంటే కొన్ని కొండ ఊళ్లకు పెద్ద. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ ఆయన్ని ముఠా నుంచి పీకేశాడు. అదే బాస్టియన్ రోడ్డు పనికి కొండవాళ్లని తోలి, కూలి డబ్బులు నొక్కేశాడు. రంప తిరుగుబాటు అక్కడ రాజుకుంది, ఆ కడుపుమంటలో. రాజు చనిపోయాక నెల తిరిగేసరికి గంటందొరనీ కాల్చేశారు. తమ్ముడు మల్లుదొర 1923 సెప్టెంబరులో పట్టుబడ్డాడు. ఉరిశిక్ష పడింది. అది తగ్గి అండమాన్ అయింది. అక్కడి నుంచి బతికొచ్చి, 1952లో విశాఖ నుంచి ఎంపీగా లోక్‌సభలో కూర్చున్నాడు. కొండ నుంచి కాలాపానీకి, కాలాపానీ నుంచి పార్లమెంటుకు! ఇందులో ఇంటర్వెల్ లేదా? క్లైమాక్స్ లేదా? ఏం తక్కువయిందండీ, కటౌట్‌కి సరిపోయే ఇంటిపేరా?

తీసినవాళ్ల గతి కూడా చూడండి. అల్లాణి శ్రీధర్ ‘కొమరం భీమ్’ సినిమా తీసింది 1990లో. నంది అవార్డు కూడా ఇచ్చారు. థియేటర్లకు వచ్చింది మాత్రం 2010లో. ఇరవై ఏళ్లు డబ్బాలో ఉంది. జోడేఘాట్‌లో భీం నిజాం సేనతో పోరాడిన కాలం కంటే, సినిమా డిస్ట్రిబ్యూటర్లతో పోరాడిన కాలమే ఎక్కువ. భీంను పట్టించిన కుర్దు పటేల్ పేరు ఆదిలాబాద్ కొండల్లో పిల్లలక్కూడా తెలుసు. ఆ సినిమాను ఇరవై ఏళ్లు పట్టి ఉంచిందెవరో ఎవరికైనా తెలుసా?

2022 అంతా అల్లూరి సంవత్సరమే. మార్చిలో సినిమా. ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా, అరకును కలుపుకుని అల్లూరి పేరుతో జిల్లా. జులై 4న ప్రధాని వచ్చి 30 అడుగుల కంచు విగ్రహం ఆవిష్కరించారు. ఎక్కడ? చింతపల్లిలోనా? కొయ్యూరులోనా? లేదు, భీమవరంలో. కొండ మీదికి చేర్చాలంటే డోలీ కట్టాలి, అంత కంచు మోయడం కష్టమనుకున్నారేమో. పురిటి నొప్పులొచ్చిన ఆడమనిషినైతే ఎలాగోలా మోసేస్తారు, వాళ్లకి అలవాటేగా!

అదే ఏడాది జూన్ 17న ఇంకో సినిమా వచ్చింది. ‘విరాటపర్వం’. నక్సలైట్ల దళంలో చేరిన అమ్మాయిని ఇన్‌ఫార్మరని అనుమానించి సొంతవాళ్లే చంపేసే కథ. 1992లో నిజంగా జరిగిన హత్య దానికి మూలం. ఆ అమ్మాయి వేగు కాదు. అయినా తూటా దిగింది. సినిమా ఆడిందా? ఆడలేదు. వేగై పట్టించినవాడికి వెయ్యి కోట్లు, వేగు కాకపోయినా చచ్చినదానికి ఖాళీ కుర్చీలు. మన టేస్టు మీద ఇంతకంటే సర్వే అక్కర్లేదు.

ఆ ఖాళీ కుర్చీల సినిమా కథే అరకు చుట్టుపక్కల ఎన్ని ఊళ్లలో జరిగిందో వెళ్లి అడగండి. రాత్రి పదిదాటాక తలుపు మీద చప్పుడు. ఎదురుగా తుపాకీ. “అన్నం ఉందా?” ఉందంటే పెట్టాలి. లేదంటే ఏమవుతుందో తెలీదు. కుండలో మిగిలిన చోడి అంబలి పోస్తారు. తెల్లారి ఇంకో తుపాకీ. ఈసారి ఖాకీ. “రాత్రి ఎవరొచ్చార్రా? ఎంతమంది? ఎటెళ్లారు?” చెబితే రాత్రి తుపాకీకి ద్రోహి. చెప్పకపోతే పగటి తుపాకీకి ద్రోహి. అంబలి పోసిన చెయ్యి ఒకటే, కేసులు రెండు. సంతలో నాలుగు కిలోల బియ్యం ఎక్కువ కొన్నా అనుమానమే. సిగ్నలు కోసం సెల్‌ఫోను పట్టుకుని కొండెక్కిన కుర్రాడి మీద రెండువైపులా అనుమానమే. సెల్‌టవర్ల ప్రారంభోత్సవాలకు వచ్చే మంత్రులు ఈ ముక్క ఎప్పుడైనా చెప్పారా?

ప్రజల కోసం పోరాడుతున్నామన్నవాళ్లు ప్రజాకోర్టు పెట్టారు. జడ్జీ వాళ్లే, సాక్షీ వాళ్లే, తలారీ వాళ్లే. అప్పీలుంటుందా? అడిగినవాడు ఇన్‌ఫార్మరు! 2014 అక్టోబరులో చింతపల్లి మండలం వీరవరంలో ఒక గిరిజనుణ్ని ఇలాగే చంపితే ఊరు తిరగబడి మావోయిస్టులను కొట్టి చంపింది. ఎవరి విముక్తి కోసం వచ్చారో వాళ్ల చేతుల్లోనే పోయారు. దాని మీద ఎన్ని పేజీల ఆత్మవిమర్శ రాసుకున్నారో గానీ, ఇన్‌ఫార్మరు ముద్ర మాత్రం ఆగలేదు. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునీ, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనీ పట్టపగలు కాల్చేశారు. అప్పుడు చూడాలి, డుంబ్రిగుడ, అరకు పోలీసు స్టేషన్ల మీద జనం మంటలు పెట్టారు. తర్వాత పోలీసులు ఎవర్ని పట్టుకున్నారు? ఎమ్మెల్యే రాకపోకల సమాచారం చేరవేశారని చెప్పి అక్కడివాళ్లనే. సమాచారం పోలీసులకిస్తే చావు, మావోయిస్టులకిస్తే జైలు. మధ్యలో ఉన్నవాడు నోరు మూసుకుంటే రెండూ!

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతి తెలీదు గానీ, ఎస్పీగారి దగ్గర మాత్రం ఆ దొంగ ఫోను నంబరుంటుంది. ఎందుకంటే ఆ దొంగని తయారుచేసిందే వారు. ఈ చిన్న విషయం మన కథారచయితలకు నూరేళ్లయినా తట్టదు. మన సినిమాల్లో ద్రోహికి ఒక మొహం ఉంటుంది. దానిమీద క్లోజప్పు ఉంటుంది. కుళ్లు నవ్వు ఉంటుంది. డబ్బు సంచి అతని చేతిలో పడుతుంది. పడేసిన చెయ్యి మాత్రం ఫ్రేములోకి రాదు. మోచేతి దగ్గరే కెమెరా కట్ అయిపోతుంది.

ఆ చెయ్యి ఎవరిది? 1924 ఏప్రిల్లో రూథర్‌ఫర్డ్ దొర రాజును పట్టుకోవడానికి మన్యానికి వచ్చాడు. రాజు తల మీద పదివేల రూపాయలు పెట్టారు. రెండణాలు, మూడణాల కూలికి పనిచేసే కొండల్లో పదివేలు! ఊళ్లను పీడించి, తిండి అందకుండా చేసి, ఎక్కడున్నాడో చెప్పమన్నారు. చెప్పినవాణ్ని మనం నూరేళ్లుగా తిడుతున్నాం. ఆకలితో మాడ్చి అడిగినవాడికి మాత్రం కృష్ణ సినిమాలో జగ్గయ్యగారి గంభీర కంఠం ఇచ్చాం. మే 7న మంప దగ్గర రాజును పట్టుకున్నది తెల్లవాడు కూడా కాదు, కంచుమీనన్ అనే జమేదారు. కొయ్యూరు తీసుకెళ్లి, చెట్టుకు కట్టి, విచారణ ముక్క లేకుండా మేజర్ గుడాల్ కాల్చాడు. కాగితం మీద ఏం రాశారు? పారిపోబోయాడు, కాల్చాం.

అబ్బ, ఏం స్క్రిప్టండీ! షికాగోలో అదే. కొయ్యూరులో అదే. రాసింది ఎవరో గానీ రాయల్టీ అడగలేదు. 2025 నవంబరు 18న మారేడుమిల్లి అడవిలో మావోయిస్టు నాయకుడు హిడ్మా చనిపోయాడు. ఎదురుకాల్పులని పోలీసులు, పట్టుకుని చంపారని పౌరహక్కుల వాళ్లు. నిజం తేల్చేందుకు ఒక న్యాయవిచారణ అనే పద్ధతి ఉంటుంది కదా? దాని ఊసు ఎవరికి? టీవీ చర్చలన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి: పట్టించిందెవరు? కాలూచెయ్యీ కట్టి కాల్చడం నేరమని నూరేళ్ల కిందటి ఉదంతం మీద పాటలు పాడుకుంటాం. అప్పటికి రాజు పేరు మీదున్న జిల్లాలోనే అలాంటి ఆరోపణ వస్తే అడిగినవాడి వంక అదోలా చూస్తాం.

ఇక తుపాకులు లేని ద్రోహాలకొద్దాం. వీటికి ఇన్‌ఫార్మరు అక్కర్లేదు, ఇంకుపెన్ను చాలు. ‘ఆర్ఆర్ఆర్’ చివర్లో ఏం కావాలో కోరుకోమంటే భీం చదువు అడుగుతాడు గుర్తుందా? హాలంతా చప్పట్లు. బయట జరిగిందేమిటి? ఏజెన్సీ బళ్లలో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో నంబరు 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. కొట్టేసింది కోర్టే, కాదనను. దానికి బదులుగా చట్టం చేయకుండా అడ్డుపడిందెవరు? ఎన్నికలప్పుడు తెస్తాం అన్నారు. ఎన్నికలయ్యాక చూస్తాం అన్నారు. 2025 మేలో ఏజెన్సీ బంద్ చేసి జనం రోడ్డు మీద కూర్చుంటే, సంప్రదింపులు జరుపుతాం అన్నారు. అన్నారు, అన్నారు, అన్నారు. కోదు భాష తప్ప తెలియని పసివాడికి, తెలుగు తప్ప తెలియని పంతులు అ ఆలు నేర్పుతుంటాడు. భీమన్నా, నువ్వడిగిన చదువు ఇదేనా?

భూముల కథ ఇంకో రీలు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడు సెంటు కొనకూడదు. 1997 జులై 11న సమత కేసులో సుప్రీంకోర్టు మరీ నొక్కి చెప్పింది, గిరిజనుల ప్రాంతంలో ప్రైవేటు గనులకు లీజులివ్వడానికి ప్రభుత్వం కూడా పనికిరాదని. శుభం. మరి అరకులో ఆ రిసార్టులన్నీ ఎవరివండీ? కాగితాలు చూడండి, కొండదొరదో వాల్మీకిదో పేరుంటుంది. ఆ పేరుగల ఆసామి అక్కడే గదులు ఊడుస్తూ కనబడినా ఆశ్చర్యపోకండి. నిరుడు శీతాకాలం వలిసె పువ్వులో నిలబడి సెల్ఫీ దిగిన మనం ఆ రాత్రి ఎవరి మంచం మీద పడుకున్నామో అడిగామా? వేడినీళ్లు రాలేదని రివ్యూ మాత్రం రాశాం.

బాక్సైట్ మరో ముచ్చట. రాజు తిరిగిన చింతపల్లి, జెర్రెల కొండల కిందే ఉంది ఖర్మ కొద్దీ. ఒక ప్రభుత్వం జిందాల్‌కు, రస్‌అల్‌ఖైమాకు దారి వేసింది. దాన్ని రద్దు చేయమని ప్రతిపక్షంలో ఉండగా గొంతు చించుకున్న పార్టీ గద్దెనెక్కాక, 2015 నవంబరు 5న జీవో 97 వచ్చింది. 1,212 హెక్టార్లు! కొండ భగ్గుమంటే పక్కన పెట్టారు. ఇంకో పార్టీ వచ్చి రద్దు చేసి పాలాభిషేకం చేయించుకుంది. ఇచ్చినందుకూ పండగే, తీసినందుకూ పండగే. ఈ జీవోల మీద సంతకాలు చేసిన ఒక్కరినైనా ఎవరైనా ద్రోహి అన్నారా? ప్రజాకోర్టుకి పిలిచారా? పోలీసులు పిలిచారా? కనీసం సినిమాలో విలన్ని చేశారా? అంబలి పోసినదాని మెడకే ఉచ్చు.

సమాచారమిస్తే బహుమతి అని పోస్టర్లు అంటించే సర్కారు కదా మనది. ఫొటో వేసి, పక్కన లక్షల్లో అంకె వేసి, చెప్పినవారి వివరాలు రహస్యంగా ఉంచుతామని హామీ ఇస్తుంది. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లిలో 11 మంది కోదు ఆడవాళ్లు సర్కారుకి సమాచారం ఇచ్చారు. కూంబింగుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని చెప్పారు. కొండ దిగి వచ్చి చెప్పారు. అడిగిన ప్రతి ఆఫీసరుకీ చెప్పారు. అందిన బహుమతి ఏమిటి? మావోయిస్టులు నేర్పిన మాటలన్నారు. కేసు హైకోర్టుకెక్కింది, సుప్రీంకోర్టుకెక్కింది. 2017లో సుప్రీంకోర్టు విచారణ ఆరు నెలల్లో ముగించమంది. ఆ ఆరు నెలలు 2023 ఏప్రిల్ 6న పూర్తయ్యాయి! నిందితులంతా నిర్దోషులుగా బయటికి నడిచారు. దర్యాప్తు అధికారులు దర్యాప్తు సరిగా చేయలేదని అదే తీర్పు తప్పుపట్టింది. ఆ ఆడవాళ్లకు పరిహారం ఇవ్వమని అదే తీర్పు చెప్పింది. నేరం రుజువు కాలేదు, దర్యాప్తు చెడింది, పరిహారం ఇవ్వాలి. మూడూ ఒకే కాగితం మీద.

నిర్మాతగారూ, కథ కావాలన్నారుగా? ఇదిగో కథ. పదిహేనేళ్లు ఒకే మాట మీద నిలబడిన పదకొండు మంది. పెద్ద హీరో డేట్లు అక్కర్లేదు. మారువేషాలు లేవు, ముళ్ల కొరడాలు లేవు, గ్రాఫిక్స్ పులులు లేవు. ఒక పోలీసు క్యాంపు, ఒక కోర్టు హాలు, ఒక కొండదారి, అంతే ఖర్చు. విశాఖ నుంచి పాడేరుకి బస్సుంది. పాడేరు నుంచి జి.మాడుగులకీ ఉంది. ఆ పైన మీ కారవాన్ ఎక్కుతుందో లేదో మాత్రం నేను హామీ ఇవ్వలేను.